చల్లబడ్డ మోటారు

శనివారం మధ్యాహ్నం రెండున్నర. వరంగల్ మట్టెవాడలో ఒక మేడ మెట్లు సగం ఎక్కి ఆగిపోయిన ఓంప్రకాశ్‌ను పోయిన వారం అక్కడే వదిలి వచ్చాం. అతను ఇంకా అక్కడే ఉన్నాడు. చేతిలో పనిముట్ల సంచి, జేబులో కిషన్ రావు సేటు ఇచ్చిన కాగితం.

ఆ కాగితంలో ఉన్నవి మూడు వాక్యాలు. పై గదిలో లావణ్య నడిపే చెక్క కోసే యంత్రాన్ని తాను పరీక్షించాడు. అది కొలత తప్పకుండా కోస్తోంది. ముప్ఫై ఏళ్లుగా మోటార్లు బాగుచేస్తున్న మనిషిగా ఈ మాట రాసి ఇస్తున్నాడు. కింద సంతకానికి జాగా. నాలుగు గంటలకల్లా అది పోలీసు స్టేషన్‌కు చేరాలి. చేరిందంటే వడ్రంగి రాయమల్లు మీద కేసు రాస్తారు.

గురువారం పొద్దున కిషన్ రావు కొత్త చీరల దుకాణంలో, పై అరలోంచి కట్ట తీస్తూ యమున మూడు మెట్ల స్టూలు మీద నుంచి పడింది. రఘునాథపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చి పనిచేసుకునే పిల్ల. నడుము ఎముక విరిగింది. మళ్లీ నడుస్తుందా అంటే డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పడం లేదు. అలాంటి స్టూళ్లు పన్నెండు చేయించాడు సేటు. వాటి పక్క పలకలు కోసింది లావణ్య యంత్రం. పలకల గాడుల్లో మెట్లు దించి బిగించింది రాయమల్లు. విరిగిన మెట్టు చివర ఉలితో చెక్కి పలచన చేసిన గుర్తులున్నాయి. రాయమల్లు దాచలేదు. గాడి తప్పు పడింది, మెట్టు వంకరగా కూర్చుంటోంది, అందుకే చెక్కిన అన్నాడు. కంప్యూటర్ కోసిన గాడి తప్పు పడుతుందా అని అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆ రోజే పోలీసులు అతన్ని తీసుకుపోయి స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు.

"మెట్లు లెక్కవెడ్తానవా ఏంది ఓంప్రకాశ్? ఎక్కు" అని పైనుంచి కిషన్ రావు గొంతు వినిపించింది.

ఎక్కాడు. వెనకాల ఇంకెవరో ఎక్కుతున్న చప్పుడైంది. రాయమల్లు భార్య మొగిలమ్మ. ఆమెను ఎవరూ పిలవలేదు. పొద్దుటి నుంచి స్టేషన్ గేటు ముందు కూర్చున్న మనిషి, యంత్రాన్ని చూడటానికి మోటార్ల ఓంప్రకాశ్ పోతున్నాడని విని నడుచుకుంటూ వచ్చేసింది. వచ్చి గడప మీద కూర్చుంది. కిషన్ రావు వెళ్లిపొమ్మన్నట్టు చూశాడు. ఆమె కొంగుతో మెడ తుడుచుకుని గోడ వైపు చూసింది.

గది మధ్యలో బల్ల మీద యంత్రం. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న అల్యూమినియం చట్రం. దాని మీద ఒక అడ్డ దూలం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దూలం మీద కోసే మర కుడికీ ఎడమకూ, పైకీ కిందికీ కదులుతుంది. మూడు కదలికలకు మూడు చిన్న మోటార్లు, ఒక్కొక్కటి టీ గ్లాసంత. లావణ్య ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం నచ్చక వదిలేసి, విడిభాగాలు తెప్పించుకుని తన చేత్తో బిగించుకున్న యంత్రం. ఇంటి పేరు పలకలు, పూజగదులకు జాలీలు కోసి ఇస్తుంది. పన్నెండు స్టూళ్లు ఆమెకు దొరికిన మొదటి పెద్ద పని. ఇచ్చింది మేనమామ కిషన్ రావు. కాగితం మీద సేటుకు అంత తొందర ఎందుకో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అదే మేడ కింది గదిలో ఓంప్రకాశ్ వైండింగ్ షాపు. ఇద్దరికీ రెండేళ్ల ఇరుగుపొరుగు. లావణ్య కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆమె మేనమామ వైపు చూడకుండా నేరుగా ఓంప్రకాశ్‌తో మాట్లాడింది.

"నాకైతే మిషన్ మీదనే డౌట్ ఉన్నది కాకా. మామ చెప్పిండని కాదు, నేను చెప్పిన్నని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఆమె మీట వేసింది. దూలం ముందుకూ వెనక్కూ ఈల వేస్తున్నట్టు నడవడం మొదలుపెట్టింది.

ఓంప్రకాశ్ ఏ మోటారునైనా మొదట చేత్తోనే చూస్తాడు. ఊళ్ల నుంచి రైతులు బావి మోటార్లు ట్రాలీల్లో వేసుకుని వస్తే, మీటరు బయటికి తీయకముందే అరచేయి ఆనిస్తాడు. నడుస్తున్న మోటారు మీద చేయి పెట్టి పది లెక్కపెట్టు. చేయి ఉంచగలిగితే మోటారు బతుకుతుంది. ఉంచలేకపోతే లోపల తీగ కాలుతోంది. అతని దగ్గరికి వచ్చిన ప్రతి రైతుకూ ఈ మాట చెప్పి పంపుతాడు. వరంగల్ చుట్టుపక్కల ఎన్నో మోటార్లు ఈ మాట వల్లే కాలకుండా మిగిలాయి.

పావుగంట నడిచాక, దూలాన్ని ముందుకూ వెనక్కూ జరిపే మోటారు మీద అరచేయి పెట్టాడు. పది లెక్కపెట్టాడు. ఇరవై. ముప్ఫై. మోటారు చల్లగా ఉంది.

లోపల చిన్న సంతోషం కదిలింది. ఆ మోటారు చల్లగా ఎందుకుందో అతనికి తెలుసు. కానీ ఆ సంతోషం నిమిషం కూడా నిలవలేదు.

"అది చల్లగైంది గీ నెలలనే" అంది లావణ్య. "ముందుగల చెయ్యి వెడ్తే సుర్రుమనేది. ఈ మోటర్లు గంతే కాకా, వేడిగనే ఉంటయ్. ఎనభై డిగ్రీల దాంక ఫికర్ లేదు. కదలకుంట నిలవడ్డా కరెంటు పట్టుకొనే ఉంటయ్. ఈ పక్కకు నేను చిన్న ఫ్యాన్ పెట్టిన, దాంతోని చల్లగైందనుకున్న."

"వేడిగనే ఉంటయా?" అని అడిగాడు ఓంప్రకాశ్.

"వేడిగుంటేనే బలంగ పట్టుకున్నట్టు."

అతని చేయి ఇంకా మోటారు మీదే ఉంది. తీయాలని కూడా తోచలేదు.

ఇరవై రెండు రోజుల కిందట ఇదే గది. యంత్రం ఏదో జాలీ కోస్తోంది. కింద ఆటోలో ప్లైవుడ్ వస్తే దింపించుకోవడానికి లావణ్య దిగుతూ, కాసేపు కూర్చోమని ఓంప్రకాశ్‌ను పిలిచింది. ఏమన్నా అయితే బటన్ నొక్కి ఆపు, ఇంకేమీ ముట్టకు అని చెప్పి వెళ్లింది. అతను కూర్చున్నాడు. కోత అయిపోయి యంత్రం ఆగింది. ఆగిన మోటారు మీద అలవాటుగా చేయి పెట్టాడు. మూడు లెక్కపెట్టేసరికి చేయి తీసేయాల్సి వచ్చింది. ఆగి ఉన్న మోటారు ఇంతలా కాలుతోందంటే, నడిచేటప్పుడు ఎంత కాలాలి? ఈ పిల్ల ఉద్యోగం వదిలేసి కొనుక్కున్న వస్తువు ఇవాళో రేపో కాలిపోతుందనుకున్నాడు. పక్కన ఉన్న పెట్టె మూత తీశాడు. లోపల మోటారుకొకటి చొప్పున మూడు చిన్న సర్క్యూట్ పలకలు, ఒక్కోదానికి ఆవగింజంత స్క్రూ. కరెంటు తగ్గించే స్క్రూను గుర్తుపట్టడానికి అతనికి చదువు అక్కర్లేదు. జేబులోంచి టెస్టర్ తీసి, ఆ మోటారు తాలూకు స్క్రూను ఎడమకు తిప్పాడు. మిగతా రెండు మోటార్లు కాస్త తక్కువ వేడిగా ఉన్నాయని వాటిని వదిలేశాడు. మూత పెట్టేశాడు.

లావణ్య తిరిగి వచ్చాక చెబుదామనుకున్నాడు. ముట్టకు అన్న మాట గుర్తొచ్చింది. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు ఇరవై రెండు రోజులైనా రాలేదు. మేలు చేశానన్న నమ్మకం ఉండింది కాబట్టి అది మనసులో కుట్టలేదు కూడా. ఆ తర్వాతి వారమే ఆమె స్టూళ్ల పలకలు కోసింది.

నిన్న అతను దవాఖానకు కూడా వెళ్లాడు. సంత్రా పళ్లు తీసుకుని. యమున గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె తల్లి చిలుకమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆ తల్లితో అతను అన్న మాట ఇప్పుడు అక్షరం అక్షరం వినిపించింది. వడ్రంగి పని చేసేటోడు జర సూసుకోవద్దా, మనుషులు ఎక్కే వస్తువు కదమ్మా అన్నాడు. చిలుకమ్మ చేతులు జోడించింది. నీలాంటోళ్లు చెప్తేనన్నా వింటరు బాంచెన్ అంది.

ఈ జాతి మోటార్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. ఇవి ఫ్యాను మోటారులా గిర్రున తిరగవు. అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతాయి. కంప్యూటర్ వెయ్యి అడుగులు అంటే వెయ్యి వేస్తాయి. కానీ కరెంటు తక్కువై, బలం చాలక, గట్టి చెక్క తగిలిన చోట పది అడుగులు వేయలేకపోయాయనుకోండి. ఆ సంగతి కంప్యూటర్‌కు చేరవేసేవాళ్లు ఎవరూ ఉండరు. వెయ్యీ పడ్డాయనే అది అనుకుంటుంది. అక్కడి నుంచి మిగతా కోతంతా ఆ పది అడుగుల తప్పుతోనే సాగుతుంది. తెర మీద మాత్రం అంకెలన్నీ సరిగ్గా కనిపిస్తాయి.

రాయమల్లు చెప్పింది నిజం.

"ఏమంటవ్ మరి?" అన్నాడు కిషన్ రావు, గడియారం చూసుకుంటూ. మూడు కావడానికి పది నిమిషాలు.

కొలిచి చూద్దాం అన్నాడు ఓంప్రకాశ్. బల్ల మీద తెల్ల కాగితం అంటించాడు. కోసే మరకు కోత ముల్లు బదులు పెన్సిల్ బిగించమన్నాడు. దూలాన్ని అర మీటరు ముందుకు పంపి, వెనక్కు తెచ్చి, ఒక గీత గీయించాడు. అదే పని పది సార్లు. పది గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చూస్తే ఒకే గీత. స్టీలు స్కేలు పెట్టి కొలిచాడు. అర మీటరంటే అర మీటరే.

చెక్క లేకుండా, భారం లేకుండా గాలిలో నడిచే మోటారు అడుగు తప్పదని అతనికి తెలుసు. తప్పు ఎక్కడుందో తెలిసిన మనిషి, ఆ తప్పు కనబడని పరీక్షను ఏరి తీసుకున్నాడు. అది తన చేతులే చేస్తుంటే పక్కన నిలబడి చూస్తున్నట్టుగా ఉంది. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట చెబితే రేపటి నుంచి మోటారు తీసుకుని ఎవరొస్తారు? ఊరంతా నమ్మే చేయి ఒక ఆడపిల్ల నడుము విరగ్గొట్టిందని తెలిశాక, ఆ చేతికి మోటారు ఎవరిస్తారు? చిలుకమ్మ ఎదురుపడితే ఏ మొహం పెట్టుకుని చూడాలి?

కిషన్ రావు గీత మీద ఫోను పెట్టి ఫొటో తీసుకున్నాడు. పెన్ను తీసి ఇచ్చాడు. లావణ్య మొహంలో ఊరట లేదు. స్కేలు తీసుకుని తాను మళ్లీ కొలిచింది. మళ్లీ అర మీటరే వచ్చింది.

అప్పుడు గడప మీద నుంచి మొగిలమ్మ మాట్లాడింది. కోపంగా కాదు, కూరగాయలు బేరం చేసినట్టు మామూలుగా.

"కట్టె ఏది?"

ఏం కట్టె అని అడిగాడు కిషన్ రావు.

"కట్టె కోసే మిషన్ అంటానరు కద. కట్టె లేకుంట నడిపితే ఏం తెలుస్తది సేటూ? ఉత్తగనైతే నేను గూడ సక్కగనే నడుస్త. నెత్తి మీద రెండు బిందెలు వెట్టి నడువుమను, అప్పుడు సూడున్రి ఎవలెట్ల నడుస్తరో."

చదువుకున్న మనుషులు మాట్లాడుకునే చోట నీకేం పని అన్నాడు సేటు. లావణ్య మాత్రం అప్పటికే గోడకు ఆనించిన ప్లైవుడ్ ముక్క తెస్తోంది. స్టూళ్లు కోయగా మిగిలిన ముక్కే. బల్ల మీద బిగించింది. పెన్సిల్ తీసేసి కోత ముల్లు పెట్టింది. కంప్యూటర్‌లో అదే పలక బొమ్మ తెరిచింది.

"జర మెల్లగ నడుపు బిడ్డా" అన్నాడు ఓంప్రకాశ్. అనేశాక నాలుక కొరుక్కున్నాడు. మెల్లగా నడిపితే మోటారు మీద భారం తగ్గుతుంది.

"స్టూళ్లు ఈ స్పీడ్ మీదనే కోసిన కాకా" అని ఆమె మీట నొక్కింది.

గదంతా చెక్క పొడి లేచింది. మొదటి మెట్టు గాడి పడింది. రెండో గాడి పడింది. అతను ఆ రెండింటినీ చూస్తూ, తప్పకూడదని కోరుకుంటున్నాడు. అలా కోరుకుంటే స్టేషన్లో ఉన్న మనిషి అక్కడే ఉండిపోతాడని తెలిసి, తప్పాలని కూడా కోరుకుంటున్నాడు. మూడో గాడికి పోతూ ముల్లు గట్టి ముడి దగ్గర ఒక్క క్షణం గురగురమంది. మెటికలు విరిచినట్టు నాలుగైదు చప్పుళ్లు. మళ్లీ ఈల మొదలైంది. మూడో గాడి కూడా పడింది. ఎవరికీ ఏ తేడా కనిపించలేదు.

లావణ్య స్కేలు పెట్టింది. మొదటి గాడి సరి. రెండోది సరి. మూడోది ఉండాల్సిన చోటు కంటే నాలుగు మిల్లీమీటర్లు కిందికి పడింది.

ఆమె స్కేలు తీయకుండా అలాగే వంగి ఉంది. తర్వాత మెల్లగా చెప్పింది. ఒక పక్క పలక ఇలా పడి, ఇంకో పక్క పలక సరిగ్గా పడితే, పై మెట్టు ఒక వైపు వాలుతుంది. మట్టం చేయాలంటే వడ్రంగికి ఉన్న దారి ఒకటే, మెట్టు చివర చెక్కి దించడం. రాయమల్లు పాపం అదే చేసిండు, తప్పు నాది అంది. ఏడవలేదు. చేతి మీది చెక్క పొడి దులుపుకుని, తప్పు ఎందుకొచ్చిందో వెతకడం మొదలుపెట్టింది. ఏడుపు కంటే అది చూడటం ఓంప్రకాశ్‌కు కష్టమైంది.

మొదట మోటారును, దూలం జరిపే స్క్రూ కడ్డీకి కలిపే చోట స్కెచ్ పెన్నుతో ఒక గీత పెట్టి, మళ్లీ నడిపింది. గీత చెదరలేదు. అంటే అక్కడ జారడం లేదు. దూలాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపింది. వదులు లేదు. స్క్రూ కడ్డీ మీద చెక్క పొడి పేరుకుని ఉందేమోనని గుడ్డతో తుడిచింది. మళ్లీ కోసింది. మళ్లీ తప్పు. ఈసారి మూడు మిల్లీమీటర్లు. ఒక్కో అడుగుకూ ఆమె పెట్టెకు దగ్గరవుతోంది. ఓంప్రకాశ్ కిటికీ దగ్గరికి వెళ్లి కింద ఆగిన ఆటోలను చూస్తూ నిలబడ్డాడు. వాటిలో ఒక్కటీ అతని కంటికి ఆనలేదు.

పెట్టె మూత తీసిన చప్పుడైంది.

మూత లోపలి వైపు లావణ్య ఎప్పుడో ఒక చీటీ అంటించుకుంది. యంత్రం బిగించిన రోజు మూడు స్క్రూల దగ్గరా మీటరు పెట్టి చూసిన అంకెలు. మూడూ పాయింట్ తొమ్మిది. ఇప్పుడు మళ్లీ మీటరు పెట్టింది. మొదటిది పాయింట్ తొమ్మిది. రెండోది పాయింట్ తొమ్మిది. మూడోది పాయింట్ నాలుగు.

"ఎవలో తిప్పిన్రు" అంది.

ఈ నెలలో ఈ గదిలోకి ఎవరెవరు వచ్చారని కిషన్ రావు అడిగాడు. తాను, ఓంప్రకాశ్ కాక, స్టూళ్ల కొలతలు మాట్లాడటానికి, కోసిన పలకలు తీసుకుపోవడానికి మూడు నాలుగు సార్లు రాయమల్లు అని చెప్పింది లావణ్య. సేటు చేతులు చరిచాడు.

"అగో. నేను మొదట్నుంచి ఏం చెప్తాన? పని చెడగొట్టి మిషన్ మీద పెడ్దామని ఆడే గెలికిండు. ఇగ కాగితంల ఇది గూడ రాద్దాం."

"మా ఇంట్ల బల్బు పోతే పక్కింటోళ్లను పిలుస్తం సేటూ" అంది మొగిలమ్మ. "ఆయనకు బల్బు పెట్టుడే రాదు. గా పెట్టె మూత ఎటు తీస్తరో గూడ తెల్వది."

"మరి దయ్యం తిప్పిందా?"

లావణ్య ఓంప్రకాశ్ వైపు తిరిగింది. ఆమె చూపులో అనుమానం లేదు. ఆశ ఉంది.

"కాకా, నువ్వు చెప్పు. ఇది అదురుడుకు దానంతటదే తిరిగుండొచ్చా?"

తలుపు దానంతట అదే తెరుచుకున్నట్టనిపించింది. అవును అంటే చాలు. స్క్రూ దానంతటదే తిరిగింది. రాయమల్లు బయటికి వస్తాడు. ఓంప్రకాశ్ పేరు ఎక్కడా రాదు. నోటిదాకా వచ్చిన ఆ అవునును అతను ఒక్కసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అప్పుడు దానికి రెండో వైపు కనిపించింది. అదురుడుకు తిరిగిన స్క్రూను చూసుకోకుండా, మనుషులు ఎక్కే స్టూళ్లు కోసింది ఎవరు? ఈ పిల్ల. రాయమల్లు లేచిన బెంచీ మీద రేపు కూర్చునేది ఈ పిల్ల.

"తిరగది బిడ్డా" అన్నాడు. "ఎవలన్న తిప్పితేనే తిరుగుతది. నేనే తిప్పిన."

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. మోటారు చేయి కాల్చిన సంగతి, టెస్టర్ సంగతి, చెబుదామనుకుని చెప్పని సంగతి. ఇందాక పెన్సిల్ గీతల పరీక్ష కావాలనే చేశానని కూడా చెప్పాడు. దాన్ని దాచుకోవచ్చు, ఎవరూ అడగలేదు. కానీ ఒకటి వదిలితే మిగతావి కూడా నోట్లోనే ఉండిపోతాయనిపించింది.

"ముట్టకు అని చెప్పిన కద కాకా" అంది లావణ్య. అంతే. తిట్టినా బాగుండేది.

మొగిలమ్మ అతని వైపు చూడలేదు. చేతులు నేలకు ఆనించి లేచి నిలబడింది. పోదాం పా, ఇదే మాట ఠాణల చెప్పు, ఆయన్ని తోలుకొద్దాం అంది. ఓంప్రకాశ్ సంచి తీసుకున్నాడు. గంట సేపటి తర్వాత ఊపిరి సాఫీగా ఆడుతున్నట్టుంది. మూడూ నలభై. ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.

కిషన్ రావు ఫోను మోగింది.

స్టేషన్ నుంచి. సేటు విన్నాడు. మధ్యలో రెండు సార్లు ఏంది, మళ్లీ చెప్పు అన్నాడు. మూడోసారి ఏమీ అనకుండా ఓంప్రకాశ్ మొహంలోకి చూస్తూ విన్నాడు. ఫోను పెట్టేసి జేబులో వేసుకున్నాడు. పెన్ను కూడా వెనక్కి తీసుకున్నాడు.

"నీ కాగితం ఇగ అక్కెర లేదట ఓంప్రకాశ్. రాయమల్లు ఒప్పుకున్నడు. పావుగంట అయింది వేలిముద్ర పెట్టి."

మెట్టు చెక్కింది ఒప్పుకున్నాడా అని అడిగింది లావణ్య. అది మొదటి రోజే ఒప్పుకున్నాడు కదా అంది.

"అది కాదు. ఈ గదిల పెట్టె మూత తీసి, టెస్టర్ తోని స్క్రూ తిప్పిన అన్నడట. పొరపాటున తిప్పిన, మిషన్ నాతోనే తప్పైంది, ఇంకెవల తప్పు లేదు, ఎవలను అడుగొద్దు అన్నడట." కిషన్ రావు ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. "ఒక్కటే స్క్రూ. ఇద్దరు తిప్పిన్రు. ఆడు చెప్పింది కాగితం మీద ఉన్నది. నువ్వు చెప్పింది గాలిల ఉన్నది. ఇంటికి వోయి పండుకో."

ఓంప్రకాశ్ సంచి నేల మీద పెట్టాడు. పావుగంట. మోటారు మీద చేయి పెట్టిన నిమిషాన నోరు తెరిచి ఉంటే, పెన్సిల్ గీతలతో పొద్దు పుచ్చకుండా ఉంటే, ఆ వేలిముద్ర పడేది కాదు. ఆ లెక్క తేలిన వెంటనే ఇంకో సంగతి తట్టింది. స్క్రూ మాట స్టేషన్లో ఎవరికీ తెలియదు. ఈ గదిలోనే పది నిమిషాల కిందటి దాకా తిప్పిన మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. టెస్టర్ తోని అని కూడా చెప్పాడంటే, ఆ రోజు రాయమల్లు కొలతల కోసం మెట్లెక్కి వచ్చి, తలుపు సందులోంచి చూసి, చప్పుడు చేయకుండా దిగి వెళ్లిపోయాడు. మూడు రోజులుగా స్టేషన్ బెంచీ మీద కూర్చుని, ఆ పేరును నోట్లోనే పెట్టుకున్నాడు.

మొగిలమ్మ ఆలోచన కూడా అక్కడికే వచ్చింది. ఆమె మొహంలో కోపం లేదు. అంతకంటే భరించలేనిది ఏదో ఉంది.

"గందుకేనా" అంది నెమ్మదిగా. "మొన్న అన్నం పట్కపోతే, ఓంప్రకాశ్‌కు పాణం బాకీ ఉన్నమే, అది తీరే రోజొచ్చింది అన్నడు. నాకు సమజ్ గాలె. నెక్కొండల బావి కాడ ఆయన కరెంటు పట్టి కొట్టుకుంటాంటే నువ్వే గుంజి పాణం నిలవెట్టినవని పదకొండేండ్ల సంది ఇంట్ల నీ పేరు మీద దీపం వెడ్తాండు. గా బాకీ తీర్సుకుంటాండు."

ఓంప్రకాశ్ తన అరచేయి వైపు చూసుకున్నాడు.

ఆ రోజు నెక్కొండ బావి దగ్గర రాయమల్లును లాగిన చేయి అతనిది కాదు.